మెస్ చపాతీలకు వర్తించదు

తడి కట్టెలు మండనంటే మండనని మొరాయిస్తుంటే, చిన్నమ్మలు పొయ్యి ముందు మోకాళ్ల మీద వంగి బుగ్గలు పూరించి గొట్టంతో ఊదుతోంది. బయట మంచు విడవలేదు. వంటశాల కిటికీలోంచి చూస్తే కొండ లేదు, కాఫీ తోట లేదు, బోరింగు కూడా లేదు. ఆ తెలుపులోంచి ఆడపిల్లల దగ్గులు, బకెట్ల చప్పుడు మాత్రం వస్తున్నాయి. చివరికి మంట లేచింది. ఆమె కళ్లు తుడుచుకుని ఉప్మాకి ఎసరు పెట్టింది.

పొట్టి మనిషి. అరచేతులు వెడల్పు. కుడి మోచేతి కింద ఎప్పుడో సాంబారు ఒలికి చర్మం నున్నగా మెరుస్తుంటుంది. ముక్కుకి రెండు వైపులా చిన్న పోగులు. అరకు లోయ అంచున ఉన్న ఈ ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో ఆమె వంటమనిషిగా చేరిన ఏడాదే కూతురు బేబి ఆరో తరగతిలో చేరింది. మొగుడు పోయాక కొండమీది పోడు మరిదికి వదిలేసి ఆమె ఈ పనికి వచ్చింది జీతం కోసమని ఊళ్లో అందరూ అనుకున్నారు. కాదు. పిల్ల కళ్లెదురుగా ఉంటుంది. దాని కంచంలో తన చేత్తో ఇంత పెట్టవచ్చు. అంతకు మించి ఆమెకి కోరిక లేదు.

మొదటి ఏడాది బేబి వంటశాల గుమ్మంలోనే కూర్చుని తినేది. "అమ్మా, మాడు పెట్టవే" అని అడిగి మరీ గోకించుకునేది. మరుసటి ఏడు స్నేహితురాళ్ల వరసలోకి మారింది. ఇప్పుడు తొమ్మిదో తరగతి, లెక్కల్లో ఫస్టు. ఈ ఏడు తల్లిని అసలు ఏమనీ పిలవడం లేదు. ఏదైనా కావాలంటే ఎదురుగా వచ్చి నిలబడుతుంది. ఎదిగే పిల్ల కదా అనుకుంది చిన్నమ్మలు.

ఆ వేళ శనివారం. రాత్రికి చపాతీలు. పైగా పాడేరు నుంచి ఆఫీసరు గారు వస్తున్నారని, పిల్లలతో పాటే కూర్చుని భోంచేస్తారని ముందు రోజే చెప్పారు.

చిన్నమ్మలు చేతికి రాగిపిండి, ఆమె మాటలో చోడిపిండి, తెలుసు. అంబలి కాచడం, సామలు వార్చడం, తడి ఆకు మీద చోడిరొట్టె తట్టి నిప్పుల్లో కాల్చడం తెలుసు. గోధుమపిండి మాత్రం హాస్టలు మెనూతో పాటు వచ్చింది. ఆమె ఊళ్లో ఏ ఇంట్లోనూ చపాతీల కర్ర లేదు. అందుకే కర్ర చేతిలో ఉన్నా అరచెయ్యే ముందుకు వెళ్లి పిండిని అటూ ఇటూ నెట్టేది. ఒకటి పనసాకులా వచ్చేది, ఇంకొకటి పాదంలా. మెత్తగా మాత్రం ఉండేవి.

"ఇదేటొదినా, గొడ్డు సెవిలాగుంది?" అనేది తోటి వంటమనిషి నూకరత్నం.

"నమిలినాక గొడ్డు సెవైతేటి, సందమామైతేటి?"

ఇద్దరూ నవ్వుకునేవారు. ఇన్నేళ్లలో ఆ నవ్వు వంటశాల గడప దాటలేదు.

ఉప్మా వడ్డించాక ఆమె మంచినీళ్ల డ్రమ్ము నింపుదామని వరండాలోకి వచ్చింది. ఆఫీసరు గారి రాక కోసం పిల్లలు తయారుచేసిన గోడపత్రిక అక్కడ అతికించి ఉంది. చుట్టూ పిల్లలు మూగి కిచకిచలాడుతున్నారు. ఒకతె పైకి చదువుతోంది, మిగతావాళ్లు ఒకరి వీపు మీద ఒకరు వాలి నవ్వుతున్నారు. చిన్నమ్మల్ని చూడగానే చదివే గొంతు ఆగింది. ఎవరో ఎవర్నో మోచేత్తో పొడిచారు.

గుంపు చివర బేబి ఉంది.

"ఏటి రాసినారే?" అంది చిన్నమ్మలు.

"లెక్కల గురించిలే. నీకు తెల్దు." బేబి మొహం ఎర్రబడింది. జడ ముందుకు లాక్కుని తరగతిలోకి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక లెక్కల టీచరు పద్మావతి కంచం కడుక్కోవడానికి వంటశాల వైపు వచ్చింది. విజయనగరం నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. మంచి మనిషి. పనివాళ్లని కూడా పేరుపెట్టి పిలుస్తుంది.

"చిన్నమ్మలూ, మీ బేబి ఎంత బాగా రాసిందో చూశావా? గోడపత్రిక అంతటికీ అదే బాగుంది."

"మా గుంటే రాసినాదా టీచరమ్మా?" చిన్నమ్మలు చేతిలో గరిట దింపేసింది. "ఏటి రాసినాది?"

"లెక్కల్లో పై అని ఒకటుంది, దాని గురించి. అంటే ఎలా చెప్పను నీకు..." టీచరు చుట్టూ చూసి, దండలు గుచ్చే దారం తెప్పించి, తన కంచం అంచు చుట్టూ తిప్పి తెంపింది. ఆ దారాన్నే కంచానికి అడ్డంగా పరిచి కొలిచి చూపించింది. "చూడు, మూడు సార్లు వచ్చి ఇంకాస్త మిగిలింది. ఇప్పుడు ఆ గుండిగ మూతకి చెయ్యి."

చిన్నమ్మలు చేసింది. మూడు సార్లు వచ్చి ఇంకాస్త మిగిలింది. గ్లాసుకి చేసింది. మళ్లీ అంతే.

"దింసా ఆటలో కొట్టే డప్పుకీ ఇంతేనా?"

"డప్పుకీ అంతే, చంద్రుడికీ అంతే. గుండ్రంగా ఉంటే చాలు. ఆ మిగిలే కాస్త ఎంతో ఇప్పటిదాకా ఎవరూ చివరంటా చెప్పలేకపోయారు. దాని పేరే పై."

"ఎంత సిత్రం," అంది చిన్నమ్మలు. ఆమెకి నిజంగానే ఒళ్లు పులకరించింది. ఇంత సంగతి తన పిల్ల బుర్రలో ఉందా!

"దానికి బేబి నిఘంటువులో లాగా అర్థం రాసింది. విను." టీచరు ముందే నవ్వేస్తూ గుర్తు తెచ్చుకుని చెప్పింది. "పై: ప్రపంచంలోని వృత్తాలన్నిటికీ ఒక్కటే అయిన సంఖ్య. సూర్యుడికీ, సైకిలు చక్రానికీ, దోసెకీ వర్తిస్తుంది. మన మెస్ చపాతీలకు వర్తించదు. కారణం శనివారం రాత్రి మీకే తెలుస్తుంది."

చిన్నమ్మలు కూడా నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, టీచరు కంటే ఎక్కువసేపు నవ్వింది. టీచరు వెళ్లాక దారం ముక్కని పొయ్యిలో వేసి, అది కాలిపోయేదాకా అక్కడే నిలబడింది.

ఆమెకి బేబి మీద కోపం రాలేదు. పొద్దుట పిల్లలు ఎందుకు నవ్వారో ఇప్పుడు తెలిసింది. ఎన్ని శనివారాలు ఆ వరసలో కూర్చుని పిల్ల తన తల్లి చేసిన పనసాకుల్ని అందరి మధ్యా తినలేక తినలేక తిన్నదో! దాని కడుపే చూసుకుంది గానీ దాని మొహం చూసుకోలేదు. పిండి కలిపే చేతులు ఎవరివో అన్నట్టు వాటివైపు చూసుకుంది. రాత్రికి ఆఫీసరు గారు గోడ మీది రాత చదువుతారు. ఆ తరవాత కంచం ముందు కూర్చుంటారు.

సాయంత్రం నూనె డబ్బా రేకు మూతని ఇసకేసి తోమింది. పిండిని ఎలా వస్తే అలా వత్తి, దాని మీద మూత బోర్లించి, రెండు చేతుల బరువూ వేసి నొక్కింది. మూత ఎత్తి చుట్టూ ఉన్న అంచు ఊడదీసింది. పీట మీద నిండు గుండ్రం మిగిలింది.

"ఓయమ్మా, ఇదేటి కొత్త యిద్దె?" అంది నూకరత్నం. "అలగ కోసుకుంటా కూకుంటే తెల్లారిపోద్ది. బేగి కానీ."

"నువ్వు కాల్చు. నాను కోత్తాను."

నడుం పట్టేసింది. మూత అంచు అరచేతుల్లో ఎర్రటి గాట్లు పెట్టింది. పళ్లెంలో చపాతీలు ఒకదాని మీద ఒకటి తేడా తెలియకుండా పేరుకున్నాయి. బేబి తలెత్తుకుని తింటుంది ఇవాళ, అనుకుంది చిన్నమ్మలు.

ఆఫీసరు గారు వయసులో ఉన్నవాడు, కలుపుగోలు మనిషి. గోడపత్రిక అంతా చదివి, చేతులు కడుక్కుని, పిల్లలతో పాటు నేల మీదే బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. కంచంలో చపాతీ పడగానే దాన్ని రెండు వేళ్లతో ఎత్తి దీపానికి ఎదురుగా పట్టుకున్నారు.

"ఆ నిఘంటువు రాసిన తెలివైన పిల్ల ఎవరమ్మా?"

బేబి లేచి నిలబడింది.

"నీ లెక్క తప్పిందే! ఇది కంపాసుతో గీసినట్టుంది. పై దీనికి వర్తించకపోతే ఇంక దేనికి వర్తిస్తుంది?"

పిల్లలంతా గొల్లున నవ్వారు. ఈసారి నవ్వు చపాతీ మీద కాదు. బేబి తల కిందికి వాలిపోయింది. గరిట పట్టుకుని వరస చివర నిలబడ్డ చిన్నమ్మలుకి అప్పుడు అర్థమైంది, తను సాయంత్రం నుంచీ నడుం విరిగేలా కోసింది పిల్ల మాటని అబద్ధం చెయ్యడానికని.

"పాపం ఆవిడ ఇంత బాగా చేస్తే వెక్కిరించొచ్చా? ఆవిడకి సారీ చెప్పు," అన్నారు ఆఫీసరు గారు, నవ్వుతూనే.

నవ్వులు ఆగిపోయాయి. పద్మావతి టీచరు "సార్, ఆవిడ..." అంటూ లేవబోయింది. చిన్నమ్మలు ఆమె వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

బేబి తల్లి మొహం వైపు చూడలేదు. గరిట వైపు చూసింది.

"సారీ, ఆయా."

"పర్లేదు పాపా," అంది చిన్నమ్మలు. "కూకోండి. సల్లారిపోద్ది."

చేతులు కడుక్కోవడానికి వచ్చినప్పుడు ఆఫీసరు గారు ఆమెని పలకరించారు. పాడేరు అవతల మగపిల్లల హాస్టలుకి వంటమనిషి దొరకడం లేదట. "నీలాంటి మనిషి వస్తే ఆ పిల్లలు కాస్త తింటారు. నీకు ఇక్కడ పిల్లలూ అదీ ఉన్నారా?"

చిన్నమ్మలు చెంబుతో ఆయన చేతుల మీద నీళ్లు పోసింది.

"ఎవులూ నేరు బాబూ. వత్తాను."

గుండిగలు తోముతూ నూకరత్నం ఊరుకోలేదు. "మతి గానీ పోనాదేటి నీకు? గుంటనొగ్గీసి ఎలగెళ్తావు? అదేదో నోరు జారి అన్నాది. సిన్న పిల్ల."

"అన్నందుక్కాదే. అది నా కళ్లెదురుగుంటే సాలనుకున్నాను. దాని కళ్లెదురుగా నానున్నానని తోచనేదు."

చిన్నమ్మలు తోమిన గుండిగని గోడవారగా బోర్లించింది.

తెల్లవారి సంతకి వెళ్లే జీపు గేటు ముందు ఆగి హారను కొట్టింది. చిన్నమ్మలు గుడ్డల మూట ఒళ్లో పెట్టుకుని వెనక సీటు అంచున ఒదిగింది. మంచు పల్చగా ఉంది. బోరింగు దగ్గర పిల్లలు మొహాలు కడుక్కుంటున్నారు. వాళ్లలో బేబి కనబడింది. నోటినిండా పళ్లపొడి నురగ, వేలు నోట్లోనే ఉంది. జీపు వైపు చూసి, మూట చూసి, నాలుగడుగులు పరిగెత్తింది. నోరు తెరిచి ఏదో అనబోయి, వంగి నురగ ఉమ్మింది. బేబి తల ఎత్తేసరికి జీపు కాఫీ తోట మలుపు తిరిగింది.

వంటశాలలో నూకరత్నం పొయ్యి అంటించి, పీట పక్కన బోర్లించి ఉన్న గిన్నె ఎత్తి చూసింది. కోసిన అంచులన్నీ కలిపి చిన్నమ్మలు రాత్రి తన వంతుకని ఉంచుకుని తినకుండా వదిలేసిన పిండిముద్ద అది. ఒక పక్కకి ఒరిగి, ఎండి బీటలు వారిన దాని మీద నాలుగు వేళ్ల గుర్తులు అలాగే గట్టిపడి ఉన్నాయి.