తర్హాతా చెప్పని పేరు

నోరైసా మూడో తరగతి టీచరు. నేను నాలుగో తరగతి టీచర్ని. మా రెండు గదుల మధ్య ప్లైవుడ్ అడ్డు తప్ప గోడ లేదు. అందుకే ఆ రోజు జరిగినదంతా విన్నాను. అడ్డులో పగులు ఉంది కాబట్టి సగం చూశాను కూడా.

ఆమె తరగతిలో ఇరవై ఇద్దరు పిల్లలు, ఇరవై రెండు ట్యాబ్‌లు. వాటికోసం నోరైసా రెండేళ్లు పడవెక్కి పట్టణంలోని ఆఫీసుల చుట్టూ తిరిగింది. ఎవరి పాఠం వాళ్లదే. ఒకరు ఎక్కాలు చేస్తుంటే పక్కవాళ్లు ఇంకా అక్షరాల దగ్గరే ఉండేవారు, ఎవరికీ నామోషీ లేదు. ఎవరి ట్యాబ్ తెరిస్తే వాళ్ల ఫొటో, తండ్రి పేరుతో సహా పూర్తి పేరు కనిపించేవి. నత్తి వల్ల నోరు విప్పని మొకమాడ్, మా అడ్డు పక్క మూలన ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుని, ట్యాబ్‌కి వాక్యాలు చదివి వినిపించేవాడు. అది తొందరపెట్టదు, నవ్వదు. మూడు నెలల్లో వాడు కథలు చదవడం మొదలుపెట్టాడు.

రంజాన్ వెళ్లిన వారానికి మొకమాడ్ తండ్రి గుయమాల్, చేపల మడుగు దగ్గర తగాదాలో ఒకణ్ణి కాల్చి చంపి పారిపోయాడు. చచ్చిపోయినవాడి కూతురు తర్హాతా కూడా అదే తరగతి. మా వైపు వంశాల పగలో చంపినవాడు దొరక్కపోతే కొడుకైనా చాలు.

పొద్దున తొమ్మిదిన్నరకి తర్హాతా బాబాయి సలిగాన్, మరో ఇద్దరు రైఫిళ్లతో వచ్చారు.

"టీచరమ్మా, గుయమాల్ కొడుకెవడు?"

"ఇది బడి సలిగాన్. బయటికి నడువు."

"మర్యాదగా అడుగుతున్నా."

"తుపాకీ పట్టుకుని మర్యాదేంటి?"

తుపాకీ మడమ ఆమె దవడ మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. పిల్లలు బెంచీల కింద దూరారు. సలిగాన్ గొంతు తగ్గించి అన్న కూతుర్ని పిలిచాడు.

"తర్హాతా, ఇలా రా తల్లీ. వాడెవడో చూపించు. మీ నాన్న కోసం."

"వాడు రాలేదు బాబాయ్."

"ఎప్పట్నించి?"

"నిన్నట్నించి."

చెంప మీద కొట్టిన దెబ్బకి ఆ పిల్ల బెంచీ మీద పడింది. లేచి మళ్లీ "రాలేదు" అంది.

సలిగాన్ కళ్లు బెంచీ మీది ట్యాబ్ మీద పడ్డాయి. దాన్ని తీసి చూసి నవ్వాడు. "అరె, మీ టీచరు భలే పని చేసిందే! బొమ్మ, పేరు, బాబు పేరు, అన్నీ రాసిపెట్టింది. అన్నీ పోగెయ్యండ్రా."

ట్యాబ్‌లన్నీ టీచరు బల్ల మీద కుప్ప పడ్డాయి. సలిగాన్ ఒక్కోటీ తెరిచి చదవడం మొదలుపెట్టాడు. నోరైసా నెత్తురు ఉమ్ముకుంటూ లేచింది. ఇనప స్టూలు రెండు చేతులా ఎత్తి ఆ కుప్ప మీద కొట్టింది. గాజు పెంకులు ఎగిరాయి. ఒకడు జుట్టు పట్టి లాగినా ఆమె ఆగలేదు, మళ్లీ కొట్టింది, మళ్లీ.

ఆ చప్పుడులో నేను నా పిల్లల్ని వెనక కిటికీలోంచి వరిచేలోకి దించేశాను. తర్వాత అడ్డు కింది మూలని కాలితో తన్నాను. మూడో తన్నుకి విరిగింది. చెయ్యి పెట్టి అందిన చొక్కా పట్టుకుని మొకమాడ్‌ని ఇవతలికి ఈడ్చాను. వాడి వీపు చీరుకుపోయింది, అయినా కిక్కురుమనలేదు. కన్నంలోంచి నాకు తర్హాతా కాళ్లు కనిపించాయి. ఆ పిల్ల వచ్చి సరిగ్గా మూలకి అడ్డంగా నిలబడింది.

అప్పుడే తుపాకీ పేలింది. గుండు నోరైసా కుడి మోచేతిని చితక్కొట్టింది. స్టూలు కింద పడింది.

ఆ చప్పుడుకి ఊరి కాపలావాళ్లు తుపాకులతో పరిగెత్తుకొచ్చారు. సలిగాన్ వెంట వచ్చినవాళ్లలో ఒకడు గేటు దగ్గరే కూలాడు, రెండోవాడు చేలకి అడ్డంబడి పారిపోయాడు. సలిగాన్ మెట్ల దాకా వచ్చి, మెడలో గుండు దిగి, తర్హాతా చూస్తుండగా గిలగిలా కొట్టుకుని చచ్చిపోయాడు. ఆ పిల్ల వెళ్లి అతని తల ఒళ్లో పెట్టుకుంది. ఎంత లాగినా వదల్లేదు.

నోరైసా చేతిని మోచేతి పైదాకా తీసేశారు. మొకమాడ్ వాళ్లు ఆ వారమే పడవెక్కి వేరే జిల్లాకి వెళ్లిపోయారు. తర్హాతాని ఇంట్లో కొట్టారు. ఎందుకు చెప్పలేదే అని అడిగితే ఒకటే మాట అందట: "చెప్తే వాణ్ణి చంపేసేవాళ్లు కదా." మళ్లీ బడికి పంపలేదు.

మూడు నెలలకి నోరైసా, తర్హాతా వాళ్లింటికి వెళ్తానంది. వద్దన్నా వినలేదు, నేనూ వెంట వెళ్లాను. గుమ్మంలో ముసలి నాయనమ్మ నోరైసా తెగిన చేతిని చూసింది. "నాకు ఇద్దరు కొడుకులు పోయారు. నీకు ఒక చెయ్యి పోయింది. ఇంకేం కావాలి?" అంది.

"పిల్లకి పాఠం చెప్తాను. ఇక్కడే, మెట్ల మీద. మీరు చూస్తుండగానే."

ముసలామె తలుపు వెయ్యలేదు. తర్హాతా బయటికి వచ్చింది. చెంప మీద పాత మచ్చ, చేతుల మీద కొత్తవి.

"ట్యాబ్ లేదు కదా టీచర్," అంది. "నేనెక్కడ ఆపానో మీకెలా తెలుస్తుంది?"

"శేషం వచ్చే భాగహారాల దగ్గర. ప్రతిసారీ శేషం రాయడం మర్చిపోతావు."

ఆ పిల్ల నవ్వబోయి ఏడ్చేసింది. నోరైసా ఎడమ చేత్తో, వంకర అంకెలతో, మెట్టు మీద సుద్దతో లెక్క వేసింది.