గడ్డ ఊరిందా?

అలియాబాద్ దాటాక రోడ్డుకు ఎడమపక్క, పంటకు ఎండ తగలకుండా రాహేలు వేయించిన పచ్చనెట్టు కింద మిట్టమధ్యాహ్నం కూడా పొద్దుగూకినట్టే ఉండేది. బయట మార్చి ఎండ మాడ్చేస్తున్నా లోపల చెమ్మ. బఠానీ తీగలు దారాలు పట్టుకుని తల దాటిపోయాయి. వాటి నడుమ సాళ్లలో గాజరగడ్డ, అదే క్యారెట్. ఎండలు ముదిరే రోజుల్లో బఠానీ ఏమిటని ఊరంతా నవ్వింది. కాయ పట్టాక నోరు మూసుకుంది.

రాహేలుకు మాత్రం ఆ నెట్టులో ఊపిరాడటం లేదు. ఎడమ రొమ్ములో గడ్డ. విత్తనం పెట్టిన వారంలోనే, స్నానం చేస్తుంటే చేతికి తగిలింది, శనగగింజంత. నొప్పి లేదు కదా, అదే పోతుందనుకుంది. పోలేదు. పాస్టరమ్మతో చెబితే ఆదివారం ప్రార్థన విన్నపాల్లో పేరుతో సహా మైకులో చదువుతారు. మొగుడు యేసయ్యతో చెబితే పంటను నడిమధ్యలో వదిలేసి దవాఖానకు లాక్కుపోతాడు. కాయ తెంపాక వెళ్దామనుకుంది. తెంపడం మొదలయ్యాక, గాజరగడ్డ తవ్వాక అనుకుంది.

గడ్డ అన్న మాట ఆమెను వదిలితే కదా! దారిలో ఎవరు ఎదురుపడ్డా పంట గురించి ఒకటే పలకరింపు. "అక్కా, గడ్డ ఊరిందా?" అడిగిన ప్రతిసారీ చెయ్యి దానంతటదే కొంగు కిందికి పోయేది.

ఆ రోజు శామీర్‌పేట నుంచి కూరగాయలు కొనే జనార్ధన్ ఫోన్ చేశాడు. చేతులకు మట్టి ఉందని యేసయ్య స్పీకర్‌లో పెట్టాడు.

"ఏందన్నా, మీ నెట్ల మస్తు సల్లగుందంట గద. నన్ను గూడ జర పండుకోనియ్యరాదు?"

"నువ్వు పండితే నా తీగలన్నీ ఇరుగుతయ్, పెద్దమనిషీ!"

"సరెగని, ఆదివారం బండి తోలాల్నా? గడ్డ ఎంతైంది?"

యేసయ్య మూడు సాళ్ల అవతలున్న పెండ్లాం వైపు తిరిగాడు. "ఏమే, గడ్డ ఎంతైంది?"

"నిమ్మకాయంతైంది," అంది రాహేలు, ఎటో చూస్తూ.

ఫోన్‌లో జనార్ధన్ పకపకా నవ్వాడు. "గాజరగడ్డ నిమ్మకాయంతేంది వదినె? జానెడైందా, బెత్తెడైందా చెప్పు!"

యేసయ్య నవ్వలేదు. కొంగు కింద ఆగిపోయిన ఆమె చేతిని చూశాడు. ఫోన్ కట్ చేశాడు.

"ఏడుంది?"

ఆమె ఎడమవైపు కొంగును ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"ఎన్నొద్దులాయె?"

"గివి విత్తిన వారంల."

యేసయ్య తలెత్తి, తల దాటిన తీగల్ని కింది నుంచి పైదాకా చూశాడు. డెబ్బై రోజులు.

"ఇంక రెండే సాళ్లున్నయ్. తెంపినంక పోదాం," అంది రాహేలు.

అతను సాళ్లు దాటొచ్చి ఆమె చేతిలోని బుట్ట గుంజుకున్నాడు. కాయలు మట్టిలో ఒలికాయి. "మస్తు సల్లగ పెంచితివి గదనే దాన్ని," అన్నాడు.

చంకలో రెండోది లేచిందన్న సంగతి, దవాఖానకు పోతూ బండి హైవే ఎక్కాక, అతని వీపుకు నుదురు ఆనించి చెప్పింది.