తల ఊపకుండా తిప్పిన పుట

కచేరీలో స్వరాల పుస్తకం పుటలు తిప్పేవాడు సంగీతజ్ఞుడు కానక్కరలేదు. పియానో వాయించే మనిషికి ఎడమవైపు, కాస్త వెనగ్గా కూర్చుని, ఆమె తల ఊపగానే లేచి, పుట పైకొస పట్టి తిప్పి, చప్పుడు లేకుండా మళ్లీ కూర్చోవాలి. తల ఊపనిదే తిప్పరాదు. ఇరవై ఆరేళ్లుగా నా భార్య లీలకు నేను చేస్తున్న పని ఇదే.

మార్చిలో డాక్టరు లీలకు వచ్చిన జబ్బు పేరు చెప్పాడు. జ్ఞాపకాన్ని కొద్దికొద్దిగా తినేసే జబ్బు. ఆమెకు యాభై మూడేళ్లు. హారిసన్ పేటలోని మా ఇంటికి తిరిగి వస్తుండగా కారులో ఒక్క మాట అడిగింది.

"నా వేళ్లు దారి తప్పిన రోజున, ఆ రోజే నాకు చెప్పెయ్యండి. పియానో మూత నేనే వేసేస్తాను. జనం జాలిపడి చప్పట్లు కొట్టేదాకా ఉంచద్దు."

"చెబుతాను."

"ఒట్టు?"

"ఒట్టు."

ఆగస్టులో కమ్యూనిటీ హాల్లో కచేరీ. ఇంగ్లండు పల్లెల పాత బాణీలు ఆరింటిని మా పేటలోని ఒక విశ్రాంత సంగీతోపాధ్యాయురాలు ఏరి, కింద పియానో భాగం రాసి, ఒకే స్త్రీ కథగా దండ గుచ్చింది. పాడేది మా స్నేహితుల కూతురు శ్రీదివ్య, యూనివర్సిటీలో సంగీతం చదువుతోంది. నాలుగో పాటలో ఆ స్త్రీ, సముద్రం మీదికి వెళ్లిన మగడి కోసం చూస్తూ ఒడ్డున చేపలు ఆరబెడుతుంది. ఐదు చరణాలు. జానపదం కనుక అన్నిటికీ బాణీ ఒకటే. మారేది పియానో మాత్రమే. రెండో చరణం ఎడమ పుటలో, మూడోది కుడి పుటలో ఉన్నాయి. మూడోది ముగిసేచోట లీల తల ఊపాలి.

"అంకుల్, మీరు లేచినప్పుడల్లా కుర్చీ కిర్రుమంటోంది. అది కూడా మ్యూజిక్ స్కోర్‌లో రాసుందా?" అంది శ్రీదివ్య, కచేరీకి ముందు.

"ఉందమ్మా. చిన్నక్షరాల్లో రాశారు," అంది లీల.

మొదటి మూడు పాటలూ చక్కగా సాగాయి. నాలుగోదాంట్లో మూడో చరణం ముగియవచ్చింది. నేను లేచి నిలబడ్డాను. లీల తల ఊపలేదు. ఆమె చూపు ఎడమ పుట పైకి వెళ్లింది. చేతులు రెండో చరణాన్ని మళ్లీ మొదలుపెట్టాయి. శ్రీదివ్య ఒక్క క్షణం నా వైపు చూసి, తానూ రెండో చరణాన్నే పాడింది. సభలో ఎవరూ కదలలేదు. నేను కూర్చోలేదు. మూడో చరణం మళ్లీ వచ్చింది, మళ్లీ ముగియబోయింది. లీల ముఖం ఎంతో నిమ్మళంగా ఉంది, పెరట్లో బట్టలు మడత పెట్టుకుంటున్నట్టు. చూపు మళ్లీ ఎడమవైపు కదిలింది.

తిప్పేశాను.

కొత్త పుట కంటబడగానే ఆమె వేళ్లు ఒక్క స్వరం దగ్గర తొట్రుపడి, నాలుగో చరణంలోకి దిగాయి. మిగిలినదంతా సవ్యంగానే జరిగింది. చప్పట్లలో జాలి లేదు.

"ఏమైంది మీకివాళ?" అంది లీల, కారులో సీటు బెల్టు పెట్టుకుంటూ.

"ఏం?"

"నేను తల ఊపకుండానే తిప్పేశారు. ఇన్నేళ్లలో ఎప్పుడూ లేదు. అవతల ఆ పిల్లేమో పాడిన చరణమే మళ్లీ పాడింది. ఎలాగో నేనే సర్దుకొచ్చాను. దానితో అనకండి, బాధపడుతుంది."

సిగ్నల్ దగ్గర ఎర్రదీపం పడింది. మార్చిలో ఒట్టు వేసినట్టు ఇప్పుడే చెప్పాలి. ఆమె నన్నే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు, నా మీద దిగులు ఉంది.

"పొరపాటయింది, లీలా," అన్నాను.

ఆమె నా చేతి మీద చెయ్యి వేసింది.

"పోనీలెండి. మీకూ వయసు వస్తోంది. నవంబర్ కచేరీకి మీకీ శ్రమ వద్దు. శ్రీదివ్య ఫ్రెండ్స్‌లో ఎవరినైనా కూర్చోబెట్టుకుంటాను. మీరు ముందు వరసలో హాయిగా వినండి."

నేను ఎర్రదీపం వైపే చూస్తున్నాను.

"కాకపోతే పని మీరే నేర్పాలి. నేను తల ఊపనిదే తిప్పకూడదని మరీ మరీ చెప్పండి."

పచ్చదీపం పడింది. వెనక కారువాడు హారన్ కొట్టాడు.

"చెబుతాను," అన్నాను.