గడప మీద హైమ

మా ఇంటి గడప ఈ ఉదయం మూడు మూరల వెడల్పు ఉంది. నిన్నటిదాకా బెత్తెడే. శుక్రవారం కదా అని పసుపు రాస్తుంటే, గిన్నెడు పసుపూ సగానికైనా రావడం లేదు.

మధ్యలో మా హైమ కూర్చుని ఉంది. ఏడేళ్ళ పిల్ల. నాకు దాని వీపు కనబడుతోంది. ఒక జడ వేశాను, రెండోది ఇంకా వెయ్యాలి.

"గడప మీద కూర్చోకూడదని ఎన్నిసార్లు చెప్పానే! లే అక్కణ్ణుంచి."

"గడప దాటితే కాళ్ళు విరగ్గొడతానన్నావుగా. నేను దాటలేదమ్మా."

అన్న మాట నిజమే. జడ సగంలో వదిలేసి పక్కింటికి పరిగెత్తబోతే, అవతల పాలు పొంగిపోతుంటే, ఒళ్ళు మండి అన్నాను. ఏ తల్లి అనదు? మా అమ్మ నన్ను రోజుకు నాలుగుసార్లు అనేది. నా కాళ్ళు నాకు ఉన్నాయి.

"సరే, ఏమీ అననులే. లోపలికి రా."

"లోపలికి రావాలన్నా దాటాలిగా."

చెయ్యి చాస్తాను. అందదు. గడప ఇప్పుడు మంచమంత ఉంది. నాకు భయం వేస్తోంది.

దొడ్డి గుమ్మంలోంచి బయటపడి, సందు చుట్టూ తిరిగి వీధిలోకి వస్తాను. వీధివైపు నుంచి చూసినా హైమ అంతే దూరంలో ఉంది. ఇటునుంచీ వీపే కనబడుతోంది.

"ఇటు తిరగవే, మా తల్లివి కదూ."

"తిరిగే ఉన్నానమ్మా," అంటుంది వీపు.

వడ్రంగి సూర్రావు వచ్చి టేపు పరుస్తాడు. ఈ గడప బిగించింది అతనే. టేపు అయిపోతుంది, గడప అవదు.

"వేపచెక్కండి. వానలకి కాస్త ఉబ్బుద్ది," అంటాడు.

"కబుర్లు కట్టిపెట్టి కోసెయ్యి సూర్రావ్!"

"ఏ పక్క కోసినా పాపగారున్న పక్కే ఊడిపోద్దండి." రంపం సంచిలో పెట్టుకుని, నా మొహం చూడకుండా వెళ్ళిపోతాడు.

తరువాత ఇళ్ళ లెక్క రాసే అమ్మాయి వస్తుంది. చంకలో పుస్తకం, వేలికి సిరా మరక.

"ఈ వీధికి పదకొండు గడపలని రాసుకున్నానండీ. ఇది పన్నెండోది." గడప మీదికి వంగి గట్టిగా అడుగుతుంది. "పాపా, ఇంటి యజమాని ఎవరమ్మా?"

"నేనే," అంటుంది హైమ.

"ఎంతమంది ఉంటారు?"

"ఒక్కదాన్నే."

"ఓసి నీ దుంపతెగ! దాని అమ్మను నేను ఇక్కడే నిలబడి ఉంటే!" అని అరుస్తాను.

"మీది వేరే గడప కదండీ," అని ఆ అమ్మాయి మర్యాదగా చెప్పి, పుస్తకం మూసి తరువాతి ఇంటికి పోతుంది.

పక్కింటి వరాలమ్మ పిట్టగోడ మీద గడ్డం ఆనించి అంతా వింటోంది. "ఊరుకోమ్మా. ఆడపిల్ల ఎప్పటికైనా ఇంకో గడప తొక్కాల్సిందేగా. కాస్త ముందు తొక్కింది, అంతే."

ఆవిడ నోట్లో మట్టి పడ. దానికి ఇంకా పాలపళ్ళు పూర్తిగా ఊడలేదు.

గడప ఇప్పుడు వీధంత ఉంది. ఆకలేస్తోందని చాలా దూరం నుంచి సన్నగా వినబడుతోంది. దొడ్డిదారినే లోపలికి వెళ్ళి మజ్జిగన్నం కలిపాను. కానీ గడపకు అటూ ఇటూ నిలబడి ఏదీ ఇవ్వకూడదు. తొక్కనూ కూడదు. ముద్ద నా చేతిలో ఎండిపోతోంది.

ఇక లాభం లేదు. తొక్కుతాను.

చెక్క గోరువెచ్చగా, జ్వరం తగ్గిన ఒళ్ళులా ఉంది. కుంకుమ బొట్లు ఒక్కొక్కటీ చాటంత ఉన్నాయి. ఒక బొట్టు నుంచి ఇంకో బొట్టుకు నడుస్తాను. వెనక్కి చూస్తే మా ఇల్లు అగ్గిపెట్టెంత ఉంది. ముందుకు చూస్తే హైమ వీపు దగ్గరవడం లేదు, పెద్దదవుతోంది. భుజాలు వెడల్పయ్యాయి. ఒంటిజడ నేలకు దిగింది.

చెయ్యి వెయ్యబోయేసరికి నా కాళ్ళు ఆగిపోతాయి. నొప్పేమీ లేదు. మోకాళ్ళ దాకా వేపచెక్క. నోరు జారిన మాట ఎవరి మీదో ఒకరి మీద పడాలి కదా, దాని మీద పడనందుకు సంతోషంగానే ఉంది. నడుం కూడా బరువెక్కుతుంటే వెల్లకిలా పడుకుంటాను.

హైమ లేస్తుంది. నా వైపు తిరుగుతుంది. ముప్పై ఏళ్ళ ఆడమనిషి, మా అమ్మ ముక్కు. వంగి నా మొహానికి పసుపు రాస్తుంది. నుదుటి నుంచి పాదాల దాకా వరసగా బొట్లు పెడుతుంది. "నీ రెండో జడ వెయ్యలేదే తల్లీ," అనబోతాను. నోట్లోకి పసుపు వస్తుంది.

నన్ను తొక్కకుండా పావడా ఎత్తినట్టు చీర ఎత్తిపట్టుకుని లోపలికి వెళ్తుంది. నేను నేర్పిందే. ఒక్కసారి తొక్కితే బాగుండునని నాకు ఏడుపొస్తోంది.

లోపల పాలు పొంగుతున్న వాసన. చిన్న పాదాలు పరిగెత్తుకొస్తున్నాయి. వెనకనుంచి హైమ గొంతు, "గడప దాటావంటే కాళ్ళు విరగ్గొడతా!"

పాదాలు ఆగుతాయి. అనొద్దే, అనొద్దే అంటున్నాను, ఎవరికీ వినబడదు. ఒంటిజడ పిల్ల కాసేపు ఆలోచించి, మోకాళ్ళు ముడుచుకుని నా మీద కూర్చుంటుంది.

పడిపోతుందేమోనని నేను కొంచెం వెడల్పవుతాను.