చివరి దశ లేని ప్రయోగం

పరాయిదానిగా ఉండటమే నా ఉద్యోగం. ఆక్లండ్‌లోని మా పిల్లల పరిశోధనశాలలో తల్లి బిడ్డను బొమ్మల మధ్య వదిలి బయటికి వెళ్తుంది. నేను లోపలికి వెళ్తాను. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. చివరికి తల్లి తిరిగొస్తుంది. ఏడ్చిందెలా, ఊరుకున్నదెలా అని అద్దం వెనక కూర్చున్నవాళ్ళు చూస్తారు. గదిలోవాళ్ళకు అది అద్దమే, మాకు మాత్రం కిటికీ. ఊళ్ళో సగం పసివాళ్ళు నన్ను చూసి జడుసుకుంటారంటే తప్పు నా మొహానిది కాదు!

ఈ ప్రయోగాలు నడిపేది లోసలీనే, టోంగా దీవుల నుంచి వచ్చిన మా పిల్ల. కడుపులో క్యాన్సర్. డాక్టర్లు చేతులెత్తేశారు. మొగుడు ఎప్పుడో వదిలేసి పోయాడు. ఏడాదిన్నర కూతురు సియాలే తన తర్వాత చెల్లెలు కలీసి దగ్గర ఇమడగలదా అన్నదొక్కటే ఆమె బెంగ.

"చూస్తే తెలియదుటే?" అన్నాను.

"చూస్తే మనకు కావలసిందే కనిపిస్తుందక్కా. పరీక్షించాలి."

ఆ మొండిఘటం నా మాట విన్నదెప్పుడు! శనివారాలు తల్లీ, పిల్లా, కలీసీ ముగ్గురూ వచ్చేవారు. అదే గది, అవే బొమ్మలు, అదే వేళ. పరాయిదాని చోట కలీసి. తల్లి బయట ఉండే సమయం ఒక్కటే పెరిగేది.

మొదటిసారి సియాలే తలుపు బాదుతూ నీలంగా మారేదాకా ఏడ్చింది. అద్దం వెనక లోసలీనే కూర్చున్నచోటు నుంచి లేవలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నువ్వు తల్లివా, రాయివా?"

"ఇప్పుడు వెళ్తే, ఏడిస్తే అమ్మ వస్తుందని నేర్చుకుంటుంది. రేపు నేను రాలేను కదక్కా."

గడియారం చూసి నిమిషాలు రాసుకున్నాను.

ఒకసారి పిల్ల చప్పున ఊరుకుంది. చూస్తే దాని గుప్పిట్లో బిస్కెట్టు!

"దొంగమొహమా! దానికి కావలసింది నువ్వో బిస్కెట్టో నాకెలా తెలుస్తుందే? ఈ వారం లెక్కలోకి రాదు," అని లోసలీనే చెల్లెలిమీద విరుచుకుపడింది.

"నా కూతురికి నేను పెట్టుకోవడానికి నీ అనుమతి కావాలా?" అనేసి కలీసి నాలుక్కరుచుకుంది.

"అలాగే అను," అంది లోసలీనే. "ఆ మాటే అంటూ ఉండు."

ఆఖరి శనివారానికి ఆమె చక్రాల కుర్చీలోకి వచ్చేసింది. ఈసారి నెగ్గితే పిల్ల కలీసి ఇంటికి, తాను ఆసుపత్రికి అని ముందే తేల్చేసుకుంది. కుర్చీని బయటికి తోసుకొచ్చి అద్దం వెనక పెట్టాను. సియాలే తలుపు వంక చూసి ఏడుపు మొహం పెట్టింది. తర్వాత పరుగున పోయి కలీసి మెడలో మొహం దాచుకుంది. కాసేపటికి చెక్క బాతును తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టి కిలకిలా నవ్వింది. మళ్ళీ తలుపు వైపు చూడలేదు.

"నెగ్గామక్కా!" అని లోసలీనే నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే శాలువా నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

నేను అలవాటుగా కుర్చీని తలుపు వైపు తిప్పాను. తల్లి తిరిగి రావడంతోనే మా ప్రతి ప్రయోగం ముగుస్తుంది.

ఆమె చక్రం పట్టుకుని ఆపేసింది. "వద్దక్కా. ఇందులో ఆ దశ లేదు."

"ఒక్కసారి ఎత్తుకోవే, నీకు పుణ్యముంటుంది!"

"నేను కనిపిస్తే మళ్ళీ ఎదురుచూడటం మొదలుపెడుతుంది."

లోపల సియాలే బాతుతో ఆడుకుంటోంది. పాపం కలీసే, అక్క ఎప్పుడొస్తుందా అని తలుపు వంక చూస్తోంది.