నూనె చెయ్యి

లేత వంకాయలను తొడిమలు ఊడకుండా నాలుగు చీలికలుగా కోసి ఉప్పునీళ్ళలో వేస్తూనే, పొయ్యి మీద వేగుతున్న నువ్వుల మీద ఒక కన్నేసి ఉంచింది ఆదెమ్మ. చిటపటమనగానే దించెయ్యాలి. ఒక్క క్షణం ఏమరితే చేదెక్కుతాయి, ఆ తరువాత ఎంత బెల్లం వేసినా కూర దారికి రాదు.

దేశం కాని దేశంలో, పుంగ్గోల్ అనే పేటలో పద్నాలుగో అంతస్తు ఫ్లాటు అది. వంటగది ఒక మనిషి అటు తిరిగి ఇటు తిరిగేంతే. నలభై ఎనిమిదేళ్ళ ఆదెమ్మ ఆరేళ్ళుగా అందులోనే తిరుగుతోంది. పొట్టి మనిషి, చామనఛాయ, మోచేతుల దాకా నూనె చిందిన మచ్చలు. కుడి బొటనవేలి గోరు ఎప్పుడో కత్తిపీట తగిలి రెండుగా చీలింది, ఇప్పటికీ అలాగే పెరుగుతుంది. అమలాపురం అవతలి పల్లె నుంచి ఏజెంటు తెచ్చి ఈ ఇంట్లో దింపిన రోజున ఆమెకు చేతనైంది వంట ఒక్కటే. ఆ ఒక్కటీ మాత్రం అల్లాటప్పాగా రాలేదు.

ఈ రోజు శనివారం. దగ్గర్లోని పాసిర్ రిస్ అనే పేట నుంచి సుమలత భోజనానికి వస్తోంది. ఆవిడ ఈ ఇంటి యజమానురాలు శ్యామలాదేవికి స్నేహితురాలు. భోజనం పేరుకే, అసలు పని ఆదెమ్మను చూసుకోవడం. నెలాఖరుకు ఆదెమ్మ వర్క్ పర్మిట్ గడువు తీరిపోతుంది. ఈ ఇంట్లో ఇక పొడిగించరు. సుమలత సరేనంటే ఆమె ఇంటికి మారవచ్చు, కాదంటే విమానం ఎక్కాల్సిందే. ఊళ్ళో ఆదెమ్మకంటూ ఇల్లు లేదు. కూతురి అత్తవారింట్లో ఒక మూల సర్దుకోవాలి. ఆ మూల కూడా ఇస్తామని ఇంతవరకూ ఎవరూ అనలేదు.

ఇక్కడ ఎందుకు పొడిగించరంటే, ఈ ఇంట్లో తినేవాళ్ళు లేకుండా పోయారు.

ఒకప్పుడు అలా కాదు. శ్యామలాదేవి నూట పద్దెనిమిది కిలోల మనిషి. ఆఫీసు నుంచి వస్తూనే బ్యాగు సోఫాలో పడేసి, "ఏం చేశావే ఆదెమ్మా?" అని మూతలు తీసి చూసేది. ముద్దపప్పులో నెయ్యి గుంట చేసుకుని, ఆవకాయ నంజుకుంటూ, కళ్ళు మూసుకుని తినేది. ఆవిడ తింటుంటే చూడటం ఆదెమ్మకు ఒక వేడుక. తన మొగుడు ఇరవయ్యేళ్ళ కాపురంలో కంచం ముందు కూర్చుని ఒక్క మంచి మాట అన్న పాపాన పోలేదు. ఈవిడ మాత్రం వేళ్ళు నాకుతూ, "నీ చేతిలో అమృతం ఉందే" అనేది. ఆ ఒక్క మాటకే ఆదెమ్మ మర్నాడు ఇంకో కూర ఎక్కువ చేసేది.

పోయిన ఏడాది డాక్టర్లు కాస్త గట్టిగానే చెప్పారు. షుగరు, మోకాళ్ళు, నిద్రలో ఊపిరి ఆగిపోవడం. పొట్టలో ముప్పాతిక కోసి తీసేసే ఆపరేషన్ చేశారు. అరటికాయంత పొట్ట మిగిల్చారు. అత్తగారితో పిత్తాశయంలో రాళ్ళు తీయించుకోవడానికని చెప్పారు, ఆఫీసులో మామూలు సెలవన్నారు. ఇక్కడి తెలుగు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపుకైతే అసలు ఏమీ చెప్పలేదు. తిండి ఆపుకోలేక కడుపు కోయించుకుంది అంటారని శ్యామలాదేవి భయం. ఆసుపత్రికి వెళ్ళే ముందు రోజు ఆదెమ్మను పిలిచి, ఆమె చేతిని పట్టుకుని తన కూతురు శ్రీలేఖ తల మీద పెట్టించింది. "ఎవరికీ చెప్పనని దీని మీద ఒట్టెయ్యి" అంది. తన ఏడో ఏట నుంచీ ఆదెమ్మ చేతి ముద్దలు తిని పెరిగిన పిల్ల అది. ఆదెమ్మ ఒట్టేసింది.

తరువాత ఆ మనిషిని నిలబెట్టింది ఆదెమ్మే. మందు కొలిచే చిన్న గ్లాసుతో పావుగంటకొక గుక్క నీళ్ళు పట్టింది. పప్పుకట్టును పలచటి గుడ్డలో రెండుసార్లు వడగట్టింది. తొందరపడి మింగి కక్కుకుంటే వీపు నిమిరింది. దువ్వెనకు జుట్టు పిడికెళ్ళుగా వస్తుంటే కంటపడకుండా పారేసింది. పద్నాలుగు నెలల్లో శ్యామలాదేవి అరవై తొమ్మిది కిలోలకు దిగింది. ఇప్పుడు నాలుగు చెంచాలు తింటే ఎక్కువ. భర్త జనార్దన్ ఆఫీసులో తినేసి వస్తాడు, శ్రీలేఖ స్కూల్లో. డబ్బాల్లో కొలిచి పంపే తిండి ఒకటి రోజూ ఇంటికే వస్తోంది. వంటమనిషి అనవసరమైపోయింది. దానికి ఆదెమ్మ ఏమీ అనుకోలేదు. అవసరం తీరాక ఎవరైనా అంతే కదా అనుకుంది. "నిన్ను రోడ్డు మీద వదిలేస్తానా? సుమలతతో మాట్లాడతాగా" అని శ్యామలాదేవి మాటిచ్చింది కూడాను.

పదిన్నరకు శ్యామలాదేవి వంటగది గుమ్మంలోకి వచ్చింది. కొత్త జీన్సు, మెడ కింద ఇంకా సర్దుకోని వదులు చర్మం.

"నూనె తేలాలి ఆదెమ్మా. లైట్‌గా చేస్తే సుమలతకి నచ్చదు. పిసినారితనం చెయ్యకు."

"అలాగేనండి," అంది ఆదెమ్మ. ఇంకో గరిటె నూనె పోసింది.

సుమలత పన్నెండున్నరకు వచ్చింది. బొద్దుగా, నవ్వుమొహంతో ఉంటుంది. మొదటి ముద్దకే తల ఊపింది. గుత్తివంకాయ రెండుసార్లు వడ్డించుకుంది. రొయ్యల ఇగురు గిన్నె తన వైపుకు జరుపుకుంది. "ఇన్నాళ్ళూ ఈవిడని దాచుకున్నావా శ్యామలా? సోమవారమే పేపర్లు పెట్టేద్దాం" అంది. వంటగదిలో మజ్జిగ చిలుకుతున్న ఆదెమ్మకు కాళ్ళలో బలం వచ్చింది. పాసిర్ రిస్‌లో సముద్రం దగ్గరట, కిటికీ తీస్తే గాలి వస్తుందట అని మనసులోనే ఆ ఇంట్లో గిన్నెలు సర్దేసుకుంది కూడా.

"అది సరే, నువ్వు ఇంత ఎలా తగ్గావే? నిజం చెప్పు," అని అడిగింది సుమలత.

"వాకింగేనే. రోజూ ఈ వాటర్‌వే కాలవ గట్టున గంటన్నర."

"నేనూ నడుస్తున్నాను. చెప్పులరిగాయి తప్ప నేను తగ్గలేదు. ఇంకేదో చేశావు."

శ్యామలాదేవి చెంచా కింద పెట్టింది. కంచంలో నాలుగో చెంచా అన్నం అలాగే ఉంది. తరువాత గొంతు తగ్గించింది. తగ్గించినా, ఆ ఇంట్లో హాలుకూ వంటగదికీ మధ్య తలుపు లేదు.

"అసలు సంగతి చెప్పనా? నూనె. ఆదెమ్మది నూనె చెయ్యి. ఎంత చెప్పినా వినదు, అన్నింట్లోనూ గుమ్మరించేస్తుంది. ఏళ్ళ తరబడి అది తినే నేను అలా అయ్యాను. ఈవిడ వంట తినడం మానేశాక చూడు, మంచులా కరిగిపోయాను."

ఆదెమ్మ చేతిలో కవ్వం ఆగిపోయింది. పొద్దున నూనె తేలాలన్న నోరు ఇదే కదా, అమృతమన్నదీ ఇదే కదా అనుకుంది. పరుగున వెళ్ళి ఆ కంచం ముందు నిలబడి అడిగెయ్యాలనిపించింది. మజ్జిగ గ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని, తల వంచుకుని వెళ్ళి బల్ల మీద పెట్టి వచ్చింది. సుమలత కంచంలో మూడో వంకాయ సగం కొరికి ఉంది. దాన్ని ఆవిడ వేలితో పక్కకు నెట్టింది.

వెళ్ళేటప్పుడు లిఫ్టు దాకా ఆదెమ్మ సాగనంపింది. సుమలత చుట్టూ చూసి ఆమె భుజం మీద చెయ్యేసింది.

"నాకు ఒక్క మాట చెప్పు ఆదెమ్మా. శ్యామల ఆపరేషన్ చేయించుకుందా? నేనెవరికీ చెప్పను. మా ఆయనకి షుగర్. నిజంగా నీ నూనె వల్లే అయితే నిన్ను పెట్టుకోలేను. అది కాదంటే నువ్వు రేపే వచ్చెయ్యొచ్చు."

ఒక్క మాట చాలు. అబద్ధం కూడా కాదు. ఆదెమ్మ నోరు తెరిచింది.

అప్పుడే ఇంటి గ్రిల్లు తీసుకుని శ్రీలేఖ బయటికి వచ్చింది. బ్యాడ్మింటన్ రాకెట్ గోడకానించి, చెవుల్లో పాటలు పెట్టుకుని, వంగి బూట్ల లేసులు కట్టుకుంటోంది. పొద్దున్న ఆదెమ్మే దువ్విన తల. పాపిడి తిన్నగా, తెల్లగా కనబడుతోంది.

"నడిచారండి," అంది ఆదెమ్మ. "మేడం గారు రోజూ నడిచారండి."

సుమలత నిట్టూర్చి లిఫ్టెక్కింది. శ్రీలేఖ తల ఎత్తి, "ఆంటీ, ఎందుకు ఏడుస్తున్నావు? ఉల్లిపాయలా?" అంది. "అవునమ్మా," అంది ఆదెమ్మ. "ఓకే లా, బై," అని ఇక్కడి పిల్లల యాసలో అనేసి ఆ పిల్ల రెండో లిఫ్టు వైపు పరుగెత్తింది.

సాయంత్రం ఆరింటికి సుమలత మెసేజ్ వచ్చింది. శ్యామలాదేవి ఫోను పట్టుకుని వంటగదిలోకి వచ్చింది.

"సుమలత వద్దంటోందే. వాళ్ళాయన ఆరోగ్యం గురించి భయపడుతోంది."

"నూనె తేలాలన్నది మీరే కదండీ."

"అయ్యో, నేనేదో మాటవరసకి అన్నానే. మరేం చెప్పమంటావు, కడుపు కోయించుకున్నానని చెప్పనా? రేపటికల్లా గ్రూపంతటికీ తెలిసిపోదూ? నేనేమైపోవాలి?"

"మరి నేనండీ?"

శ్యామలాదేవి విటమిన్ మాత్ర ఒకటి నోట్లో వేసుకుని, గుక్కెడు నీళ్ళు తాగింది. రెండో గుక్క ఇప్పుడప్పుడే తాగకూడదు, అందుకని గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడింది. ఒట్టు పెట్టించుకునేవాళ్ళకు ఏ కట్టూ ఉండదని ఆదెమ్మకు అప్పుడు అర్థమైంది. ఆ మనిషి పొట్ట కోస్తే పక్కనుండి కుట్టు మానేదాకా చూసుకున్నది తాను. తన పొట్ట కొట్టేటప్పుడు ఆవిడ కాస్తయినా వెనకాడలేదు. గిన్నెలు తోమి బోర్లించింది.

ఇంకో ఇల్లు చూద్దామన్నారు గానీ ఎవరూ చూడలేదు. గురువారానికి టికెట్ కొన్నారు.

గురువారం పొద్దున్నే శ్రీలేఖ స్కూలుకు వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గర శ్యామలాదేవి కళ్ళు తుడుచుకుంది. నిజంగానే తుడుచుకుంది, అందులో నటనేమీ లేదు. "చేరగానే ఫోన్ చెయ్యి" అని ఒక పెద్ద ప్లాస్టిక్ సంచీ ఆదెమ్మ చేతికిచ్చింది. "నా పాత బట్టలే. ఇప్పుడు నాకు వదులైపోయాయి. అన్నీ మంచివే, ఊళ్ళో కుట్టించుకుంటే నీకూ మీ అమ్మాయికీ వస్తాయి" అంది. ఆదెమ్మ తీసుకుంది. ఇచ్చింది కాదనడం ఆమెకు ఈ ఆరేళ్ళలో అలవాటు కాలేదు.

జనార్దన్ పార్కింగ్ నుంచి కారు తేవడానికి వెళ్ళాడు. ఆదెమ్మ బ్లాకు కింద రాతి బల్ల దగ్గర కూర్చుంది. సంచీని బల్ల మీద పెట్టింది. కారు వచ్చి ఆగింది. జనార్దన్ ఫోన్లో మాట్లాడుతూనే వెనక డిక్కీ తెరిచాడు. ఆదెమ్మ లేచి, తన సూట్‌కేసు తానే ఎత్తి లోపల పెట్టింది. వెనక సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. బల్ల మీద సంచీ అలాగే ఉందని తెలిసీ, కారు మలుపు తిరిగేదాకా ఆమె అటు తల తిప్పలేదు.

రాతి బల్ల మీద సంచీ మూతి విచ్చుకుని, పైనున్న ముదురాకుపచ్చ కుర్తా సగం బయటికి జారింది. దాని ముందు వైపు, ఆదెమ్మ ఎన్నిసార్లు ఉతికినా పోని పప్పు మరక, పసుపుపచ్చగా.