మణి శ్రుతి

నేను ఒక శ్రుతిపెట్టెను. నాకు పాట రాదు, రాగం రాదు. తిత్తిలోకి గాలి పోతే 'సా' అంటాను, దానికి తోడుగా 'పా' అంటాను, అంతే. అయినా నా పక్కన కూర్చుని పాడినవాళ్లు పాట చెడితే ముందు నావైపే కోపంగా చూసేవారు. మనుషులతో అదే చిక్కు.

బందరులో హార్మోనియాలు బాగుచేసే ఒక ముసలాయన నన్ను టేకు చెక్కతో చేశాడు. ముందువైపు వరసగా రంధ్రాలు, ఒక్కో రంధ్రానికి ఒక ఇత్తడి మూత. ఏ మూత తీస్తే ఆ శ్రుతి పలుకుతాను. నన్ను మొదట కొన్నది హరికథలు చెప్పే ఒక దాసుగారు. ఆయన పాడేదానికన్నా పిట్టకథలు చెప్పేదే ఎక్కువ. ఊళ్లన్నీ తిప్పి తిప్పి, మోకాళ్లు పట్టేశాక నన్ను తన శిష్యుడు జీవరత్నం గారి చేతిలో పెట్టారు. అలా నేను నరసాపురంలో ఒక క్రైస్తవుల ఇంటికి చేరాను. రాముడి కథకు పలికిన 'సా'నే యేసు కీర్తనకూ పలికాను. నాకేమీ తేడా తెలియలేదు సుమండీ.

జీవరత్నం గారు నీటిపారుదల ఆఫీసులో టైపిస్టు. టైపుమిషను మీద కూడా ఆయన వేళ్లు ఆదితాళమే వేస్తాయని భార్య ఎస్తేరమ్మ ఎకసెక్కాలాడేది. గొంతు మాత్రం, అబ్బ, ఏం గొంతు! క్రిస్మస్ ఉదయం ఆరాధన ఆయన కీర్తనతోనే మొదలవ్వాలి. ప్రసంగవేదిక ముందు చాప పరుచుకుని, నన్ను పక్కన పెట్టుకుని కల్యాణి రాగం ఎత్తుకున్నారంటే చంటిపిల్లలు కూడా ఏడుపు మానేవారు.

ఆయన కూతురు దయామణి నా చప్పుడులోనే పెరిగింది. ఉయ్యాల్లో ఉన్నప్పుడు జోలపాటకూ నేనే తోడు. డిసెంబరు వచ్చిందంటే ఇల్లంతా సందడే సందడి. వసారాలో కాగితపు నక్షత్రం వెలిగేది, వంటింట్లో అచ్చుతో వేసే పిండి గులాబీపువ్వులు నూనెలో విచ్చుకునేవి, ముందుగదిలో తండ్రీకూతుళ్లు కీర్తన సాధన చేసేవారు. వేడి గులాబీపువ్వు నోట్లో పెట్టుకుని మణి స్వరం తప్పితే ఆయన గుర్రుమనేవారు, ఆ వెంటనే తానూ ఒకటి లాగించేవారు. ఆ ఇంట్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన రోజులవి.

ఒకటే లోటు. జీవరత్నం గారు ఎప్పుడూ తన మగగొంతుకు సరిపోయే ఒకటి శ్రుతి మూతలే తీసేవారు. మణి కూడా అందులోనే పాడాలి. అంత కిందికి దిగేసరికి, పాపం, పిల్ల గొంతు నూతిలోంచి వచ్చినట్టుండేది.

"దాని శ్రుతి దానికి పెట్టొచ్చు కదండీ," అనేది ఎస్తేరమ్మ.

"నాతోపాటే పాడుతుంది కదే. వేరే శ్రుతి దేనికీ?" అనేవారాయన.

నిజమే, ఆయన ముందు, మణి వెనక, ఇద్దరూ కలిసి పాడితే బాగానే ఉండేది. పిల్ల పెద్దదైంది, బళ్లో టీచరు ఉద్యోగం వచ్చింది, శ్రుతి మాత్రం మారలేదు.

ఒక ఏడు వానాకాలంలో జీవరత్నం గారి గొంతుకు ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది గానీ గొంతు పోయింది, గుసగుస ఒక్కటే మిగిలింది. డిసెంబరులో చర్చి సంఘపెద్ద ఇంటికి వచ్చి, కాఫీ తాగి, నసిగి నసిగి అసలు సంగతి చెప్పాడు.

"మన కుర్రోళ్లు కీబోర్డు బాగా వాయిత్తన్నారండి. ఈ ఏటికి మణమ్మ పాడుద్ది, సరే. కుదరకపోతే పై ఏటి నించి కీర్తన తీసేద్దారండి. ఏమనుకోకండేం."

ఆయన తలూపారు. సంఘపెద్ద వెళ్లాక నన్ను దగ్గరికి లాక్కుని, తన శ్రుతి మూతలు తీసి తిత్తి ఆడించారు. నేను చెక్కనే గానీ, నాకూ దుఃఖం ఆగలేదు.

క్రిస్మస్ ఉదయం గుడి కిటకిటలాడింది. చాప మీద మణి కూర్చుంది, పక్కన ఆయన నా తిత్తి ఆడిస్తున్నారు. అలవాటు కొద్దీ తన మూతలే తీశారు. అలవాటు కొద్దీ మణి అందులోనే ఎత్తుకుంది. కానీ ముందు నడిచే గొంతు ఇప్పుడు లేదు కదా! పాట మొదటి వరసకే అందలేదు. వెనక బెంచీల్లో "వినపడట్లేదు, వినపడట్లేదు" అన్నారు. పల్లవి మధ్యలో మణి ఆగిపోయింది. కళ్లనిండా నీళ్లు.

జీవరత్నం గారు తిత్తి ఆపి కూతురి మొహంలోకి చూశారు. తర్వాత తన మూతలు ఒక్కొక్కటే మూసేశారు.

"ఎంతకి పెట్టనమ్మా?" అని గుసగుసగా అడిగారు.

ఆ మాట ఆ పిల్లను ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. మణి చెయ్యి చాచి తనే ఒక మూత తిప్పింది, ఆయన తిత్తి ఆడించారు. చాలదనిపించి దాన్ని మూసి పైది తిప్పింది, ఆ పైది తిప్పబోయింది. అది ఆడగొంతులకు సరిపోయే ఐదు శ్రుతి మూత, ఎన్నడూ తియ్యక బిగుసుకుపోయి ఉంది. ఆయన దాన్ని గోరుతో ఎత్తి తెరిచారు. నేను కీచుమన్నాను, దుమ్ము కక్కాను, ఆపైన పలికాను.

మణి మళ్లీ ఎత్తుకుంది. అయ్య బాబోయ్! ఇది మణి గొంతేనా? తారషడ్జం, ఆ పై 'సా' మీద గొంతు నిలబెట్టేసరికి గుడి గుడంతా ఊపిరి బిగబట్టింది. అనుపల్లవికి ముసలమ్మలు గొంతు కలిపారు, చరణానికి కీబోర్డు కుర్రాళ్లు చప్పట్లతో తాళం వేశారు. జీవరత్నం గారి పెదాలు కదులుతున్నాయి, చప్పుడు లేదు. చెయ్యి మాత్రం తిత్తిని వదల్లేదు.

ఆరాధన కాగానే సంఘపెద్ద వచ్చి, "పై ఏడు కూడా నువ్వేనమ్మా," అని మణితో చెప్పి వెళ్లాడు. ఇంటికొచ్చాక ఎస్తేరమ్మ కేకు ముక్కలు కోసి పెట్టింది. ఆయన ముట్టలేదు. కూతురి చెయ్యి పట్టుకుని, మిగిలిన ఆ కాస్త గొంతుతోనే అన్నారు:

"ఇన్నేళ్లూ నా పక్కనే కూర్చుని పాడావు. నీ పాట ఇవాళే విన్నానే, తల్లీ."